మోరి పక్కన కూరమడి

మా ఇంటి వెనక నిలబడితే మూతబడిన అద్దకం షెడ్డు గోడ కనబడుతుంది. గోడ అడుగున ఒక తూము, ఆ తూములోంచి వచ్చే మోరి, మోరికి ఇవతల మా వదినె కూరమడి. వదినె అంటే మా ఆయన అక్క. ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ.

షెడ్డు నడిచిన రోజుల్లో మోరిలో ఏ రంగు నీళ్లు పారితే లోపల ఆ రంగు గుడ్డ అద్దుతున్నారని వాడ మొత్తానికి తెలిసేది. లంగాల గుడ్డే ఎక్కువ. మా సిరిసిల్ల మగ్గాల మీద తెల్లగా దిగిన గుడ్డ అక్కడికి పోయి రంగుతో బయటికి వచ్చేది. గుడ్డకు పట్టగా మిగిలిన రంగు మా ఇళ్ల వెనక నుంచి పోయేది. నేను పుట్టింది కోరుట్ల పక్క పల్లెలో, వ్యవసాయం చేసే ఇంట్లో. మా దగ్గర కాలువ నీళ్లు ఎప్పుడూ మట్టి రంగే. అందుకని కోడలిగా వచ్చిన కొత్తలో ఆ మోరి నాకు పెద్ద వింత. పొద్దున ఎరుపు, మధ్యాహ్నం నీలం, ఒక్కోసారి రెండూ కలిసి వంకాయ రంగు. పని ఉన్నా లేకున్నా బిందె పట్టుకుని అటు తిరిగి వచ్చేదాన్ని. ఆ నీళ్లు ఎటు పోతాయి, ఆ రంగు ఎక్కడ దిగిపోతుంది అని అడిగితే, పోయే నీళ్లతో నీకేం పని అనేది మా అత్త. అడగడం మానేశాను గాని ఆలోచన మానలేదు.

షెడ్డు మూతబడి చాలా ఏళ్లయింది. మోరి ఎండి గడ్డి మొలిచింది. దాని పక్కన వదినె పాలకూర, పుంటికూర, మెంతి, కొత్తిమీర వేస్తూనే ఉంది. ఆ జాగ ఆమె పెనిమిటి మరమగ్గాల మీద పని చేసిన కాలంలో కొన్నది. ఆయన పోయాక ఆమె బతుకు ఆ మడి మీదనే. పొద్దున్నే కట్టలు కట్టి గంపలో పెట్టుకుని బజారుకు పోతుంది, ఎండ ఎక్కే వేళకు ఖాళీ గంపతో వస్తుంది. మెట్‌పల్లిలో ఉన్న బిడ్డ వచ్చి తన దగ్గర ఉండమంటుంది. వదినె పోదు. తను పోతే కూర ఎవరు కోస్తారని అడుగుతుంది.

ఒకరోజు షెడ్డు గోడకు ఎవరో కాగితం అంటించి పోయారు. చదివి చెప్పింది నేనే. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, సంఘం ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో. ఇప్పటికీ వేలు పెట్టి, ఒక్కో మాట పలికి చూసుకుంటూ చదువుతాను. షెడ్డు లోపలా చుట్టుపక్కలా మట్టిని పరీక్ష చేస్తారనీ, చెడిపోయినట్టు తేలిన చోట మట్టిని తీసివేసి వేరే మట్టి పోస్తారనీ అందులో ఉంది. తీసివేసి అన్న మాట దగ్గర వదినె నా వేలు ఆపించి మళ్లీ చదివించుకుంది.

"ఎంత లోతు తీస్తరట?"

"గది రాయలే వదినె."

"గది రాయకుంటే ఇంకేం రాసిండ్రు మరి" అని గంప ఎత్తుకుని పోయింది.

మట్టి పరీక్ష అంటే ఏమిటో ఆమెకు తెలుసు, తెలుసని ఆమె అనుకుంది. మా తమ్ముడు కోరుట్ల దగ్గర పసుపు పండిస్తాడు. ఒక ఏడు పొలంలో అక్కడక్కడ మట్టి తీసి, కలిపి, గుడ్డసంచిలో పోసి జగిత్యాలకు పట్టుకుపోయి చూపించాడు. భూమిలో ఏ బలం తక్కువుందో, ఏ ఎరువు వేయాలో చెప్పి పంపారు. మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి గొప్పగా చెప్పాడు. మట్టి మంచిదని అక్కడివాళ్లు మెచ్చుకున్నారట. వదినెకు ఆ మాటే మనసులో ఉండిపోయింది. మట్టిని చూడడానికి వచ్చేవాళ్లంటే పిల్లను చూడడానికి వచ్చేవాళ్ల లాంటివాళ్లేనని, మడి ఎంత శుభ్రంగా, ఎంత కళగా ఉంటే అంత మంచి మాట పడుతుందని ఆమె నమ్మకం. మర్నాటి నుంచే మడిలో రాళ్లు ఏరింది. గట్లు సరిచేసింది. ఎండిన పేడ తెచ్చి నలిపి చల్లింది. నేను చూస్తూనే ఉన్నాను. నాకూ అందులో తప్పేమీ తోచలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం జీపు వచ్చింది. అందులోంచి ఒక అమ్మాయి, ఒక డ్రైవరు దిగారు. అమ్మాయి మట్టి పరీక్షలు చేసే ఇంజినీరు. డ్రైవరు ఆమెను మేడం అన్నాడు కాబట్టి మేమూ మేడం అన్నాం. మాటను బట్టి ఇటువైపు పిల్లేనని వదినె పట్టేసింది. సొంతూరు జగిత్యాల, తండ్రి వాళ్లది పెగడపల్లి అని తెలిశాక కొంచెం నిమ్మళించింది. మేడం మోరి వెంబడి, అక్కడి నుంచి వదినె ఇంటి వైపు, వరసగా చిన్న చిన్న ఎర్ర జెండాలు గుచ్చింది. జెండా ఉన్న చోటల్లా మరునాడు పొద్దున తవ్వుతామని, ఎవరూ కదిలించవద్దని చెప్పింది. తమతో రావలసిన మనిషి రాలేదట. మట్టి సంచుల మీద రాయడానికి ఇక్కడ ఎవరికైనా రాయడం వచ్చా అని అడిగింది. డ్రైవరు రాస్తే అతనే చదువుకోలేడట.

నాకు వచ్చు అన్నాను. నా అక్షరాలు పెద్దవిగా, పిల్లల అక్షరాల్లా ఉంటాయని కూడా చెప్పాను. పెద్దగా ఉంటేనే మంచిది అంది మేడం. నిజానికి నా కన్ను జీపులో ఉన్న నల్లపెట్టె మీద ఉంది. దాన్ని ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. రాసే పని దొరికితే ఆ పెట్టె తెరిచినప్పుడు దగ్గర ఉండొచ్చు.

మరునాడు పొద్దున మోరి దగ్గర మొదలుపెట్టారు. డ్రైవరు బర్మాను నేలకు నిలబెట్టి రెండు చేతులా తిప్పాడు. వడ్రంగుల దగ్గర ఉండేదే, దీనికి కాడ పొడుగు. అది తిరుగుతూ దిగుతుంది, పైకి లాగితే లోపలి మట్టి కడ్డీలాగా వస్తుంది. ఆ మట్టిని తెల్ల పట్టా మీద వరసగా పరిచారు. ఏళ్ల తరబడి నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు ఆ పట్టా మీద కనబడింది. రంగు ఎక్కడికీ పోలేదు. పైన మామూలు మట్టి, దాని కింద నల్లని పొర, ఆ కింద నీలం, ఇంకా కింద పాచి రంగు, మళ్లీ సన్నగా ఎరుపు. ఏ ఏడు ఏ రంగు లంగాలకు గిరాకీ ఉందో నేల దాచిపెట్టుకున్నట్టుంది. నేను వంగి చూస్తుంటే మేడం ముక్కు దగ్గర పెట్టుకోవద్దని వారించింది.

ఒక గుంత అయ్యాక రెండో గుంతకు పోయే ముందు బర్మాను మూడు బకెట్లలో కడిగారు. మొదట సబ్బు నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు, ఆఖరున డబ్బాలో తెచ్చిన శుద్ధమైన నీళ్లు. మేడం చేతి తొడుగులు కూడా మార్చింది. ఒక గుంత మట్టి ఇంకో గుంతకు అంటితే లేని చోట ఉన్నట్టు చూపుతుందట. మా అత్త తొక్కు జాడీలో పెట్టే గంటెను ఇంకొక దేనిలోనూ పెట్టనిచ్చేది కాదు. మేడంకు ఆ సంగతి చెప్పాను. వాళ్ల అమ్మమ్మ కూడా అంతేనట.

తర్వాత నల్లపెట్టె తెరిచింది. కరోనా కాలంలో నొసటి ముందు పట్టి జ్వరం చూసేవారే, ఆ ఆకారంలోనే, దానికంటే బాగా పెద్దగా ఉంది మిషన్. దాని మూతిని మట్టికి ఆనించి మీట నొక్కి పట్టుకోవాలి. సన్నగా గుయ్యిమంటుంది. కాసేపటికి వెనక ఉన్న అద్దం మీద ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన అంకెలు వస్తాయి. నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. ఒక్కో అక్షరం ఏమిటని అడిగాను. ఇది రాగి, ఇది జింకు, ఇది సీసం, ఇది క్రోమియం అని మేడం ఓపికగా చూపించింది. రాగి బిందెలో ఉన్న రాగేనా అంటే, అదేనంది. అంకెకు అర్థం అడిగితే, పది లక్షల వడ్లగింజల్లో ఎన్ని రాళ్లున్నాయో చెప్పినట్టు అనుకోమంది. పది లక్షల గింజలు ఎన్ని బస్తాలవుతాయో నేను లోపల లెక్క వేసుకుంటుండగానే ఆమె మిషన్‌ను ముందుకు జరిపింది. చూడాలని నేను దాని మూతి వైపు వంగాను.

"పెద్దమ్మా, ముందట చెయ్యి వెట్టకు. ఎముకల ఫొటో తీసే ఆస్పత్రి మిషన్ అసొంటిదే ఇది."

"మట్టికి ఎముకలుంటయా?"

"లేవు గని, లోపట ఏమున్నదో ఇది గుర్తుపడ్తది."

మోరి పక్క జెండాల దగ్గర క్రోమియం అంకె ఎక్కువ వచ్చింది. మేడం ఆశ్చర్యపడలేదు. అద్దకం నీళ్లు పారిన చోట అట్లాగే ఉంటుందట. మోరి నుంచి ఇంటి వైపు వచ్చిన కొద్దీ తగ్గుతూ పోవాలని, ఎక్కడ తగ్గిపోతే అక్కడి వరకే మట్టి తీస్తారని చెప్పింది. వదినె ఇంటి అరుగు మీద కూర్చుని వింటోంది. పొద్దున్నే తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. ఆ రోజు బజారుకు పోలేదు. ఎక్కడి వరకు తీస్తారో ఆ మాట పూర్తయ్యే వరకు ఆమె ఆ అరుగు దిగేటట్టు లేదు.

మడిలో మొదటి జెండా దగ్గర క్రోమియం తగ్గింది. రెండో దాని దగ్గర ఇంకా తగ్గింది. నేను వదినె వైపు చూసి తల ఊపాను. కానీ మేడం ముఖం మారింది. మిషన్‌ను ఎత్తి, మూతి తుడిచి, మళ్లీ ఆనించింది. క్రోమియం కాదు, ఈసారి సీసం. మోరి దగ్గర చాలా తక్కువగా ఉన్న సీసం ఇక్కడ ఎగిరి కూర్చుంది. మూడో జెండా దగ్గర, అరుగుకు పక్కనే, అంతకంటే ఎక్కువ. మోరికి దూరమైన కొద్దీ పెరుగుతోంది. పెట్టెలో తెచ్చుకున్న నమూనా బిళ్లను చూపిస్తే మిషన్ దానికి సరైన అంకెనే చూపింది. మిషన్ బాగానే ఉంది.

మేడం వదినె దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. ఇంట్లో ఎవరైనా పాత బ్యాటరీలు పగలగొట్టే పని చేశారా, రంగు డబ్బాలు కడిగారా, ఏదైనా కాల్చారా అని. వదినెకు కోపం వచ్చింది. తన మడిలో కూర తప్ప ఏదీ చేయలేదంది.

"ఉన్నదున్నట్టు జెప్పు బిడ్డా. మడి ఉంటదా, పోతదా?"

"గిట్లనే ఉంటే మొత్తం తీయాల్సి అస్తది పెద్దమ్మా. అరుగు దాకా. కూర అయితే ఇప్పుడే అమ్మద్దు."

వదినె లేచి లోపలికి పోయింది. డ్రైవరు బర్మా కడగడం ఆపి నిలబడ్డాడు. నేను సంచి మీద సగం రాసిన అక్షరం అట్లాగే ఉంది.

మేడం మాత్రం ఊరుకోలేదు. అదే చోట బర్మాతో లోతు మట్టి తీయించి, మిషన్ పెట్టింది. సీసం దాదాపు లేదు. పక్కకు ఒక జానెడు జరిగి పై మట్టి చూసింది. అక్కడా లేదు. మళ్లీ జెండా మొదట్లో చిన్న పారతో పైపైన గీకి, కింది మట్టికి పెట్టింది. చాలా తగ్గింది. జెండా చుట్టూ, అదీ పైపైన మాత్రమే ఉంది సీసం. నీళ్లతో పారివస్తే ఇట్లా ఉండదని ఆమె తనలో తను అనుకున్నట్టు అంది. ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. గీకిన మట్టిని అరచేతి మీద ఎండ వైపు పట్టింది. మట్టి నలుసుల మధ్య నారింజ రంగు నలుసులు ఉన్నాయి.

నేను లోపలికి పోయాను. వదినె పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది, పొయ్యి వెలిగించలేదు. జెండా చుట్టూ ఏమైనా పోసినవా అని అడిగాను. ఇల్లు మొదలుపెట్టేటప్పుడు, బోరు వేసేటప్పుడు నేలకు బొట్టు పెట్టకుండా గడ్డపార దించుతామా అంది. అప్పుడు అర్థమైంది. తెల్లవారగానే స్నానం చేసి, తన మడిలో ఉన్న ప్రతి జెండా దగ్గర నీళ్లు చల్లి, ఆంజనేయస్వామికి పెట్టే సింధూరం పెట్టి, ఊదుబత్తి ముట్టించింది. భూమి తల్లికి మామూలుగా పసుపూ కుంకుమా పెడతారు. ఈమె మంగళవారాలు పట్టే మనిషి. సింధూరం పెడితే ఆ స్వామి మడిని కాపాడతాడని, అరుగుకు దగ్గరగా వచ్చిన కొద్దీ ఇంకొంచెం ఎక్కువ పెట్టింది. ఇంటి వరకు రానివ్వొద్దని ఆమె మొక్కు. జీపు చప్పుడు వినగానే చదువుకున్నవాళ్లు చూస్తే నవ్వుతారని పువ్వులు తీసేసి, సింధూరాన్ని చేత్తోనే మట్టిలో కలిపేసింది.

"మరి సింధూరం దేవునిది గదనే. గండ్ల సీసం ఎందుకుంటది?"

నాకు తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు. ఆ మాట పోయి మేడంకు నేను చెప్పాలా, ఊరుకోవాలా అని ఆలోచిస్తుండగానే వదినె లేచింది. దేవుడి గూట్లోంచి సింధూరం పొట్లం తీసుకుని బయటికి నడిచి, మేడం ముందు తెల్ల పట్టా మీద పెట్టింది. ఎక్కడో జాతరలో బండి మీద కొన్నది. మీద రాత లేదు, పేరు లేదు, ఉత్త పాలిథిన్ కవరు.

"దీన్ని గూడ జూడు" అంది.

మేడం పొట్లానికి మిషన్ ఆనించింది. అందరం వంగాం. గుయ్యిమన్న చప్పుడు ఆగింది. అద్దం మీద సీసం పక్కన వచ్చిన అంకె ముందు నేను పొద్దుటి నుంచి చూసినవన్నీ ఒక మూలకు కూడా రావు. మేడం గట్టిగా ఊపిరి వదిలి పొట్లాన్ని రెండు సంచుల్లో చుట్టింది. సింధూరం అంతా ఇట్లా ఉండదని, కొన్నిటిని చవకగా, బాగా మెరిసేటట్టు సీసంతో చేస్తారని, అట్లాంటిది చేతికి అంటి నోట్లోకి పోతే, పిల్లలు నాకితే చెడుపు చేస్తుందని చెప్పింది. వదినె చీర కొంగుతో నొసటి మీది సింధూరం తుడుచుకుంది. తుడిచిన కొంగును చూసుకుంది.

"మరి ఇన్నేండ్ల సంది స్వామికి పూసిన గదా బిడ్డా. ఆయనకేం గాలే."

"ఆయన రాయి గద పెద్దమ్మా. మనం గాదు."

డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. వదినెకే మొదట నవ్వు వచ్చింది. అది కొంచెంసేపే. మడి సంగతి తేలనేలేదు.

మేడం జెండాల చుట్టూ సింధూరం కలిసిన మట్టిని జాగ్రత్తగా గీకించి వేరే సంచిలో కట్టించింది. పూజ చేసిన మట్టి, తొక్కే చోట పడేయొద్దని వదినె అంటే, ఎవరూ తొక్కని చోటికే పోతుందంది. ఆ జెండాలు పీకి కొత్త చోట్ల గుచ్చారు. ఈసారి వదినెను పక్కనే నిలబెట్టుకుని గుచ్చారు. నేను కొత్త సంచుల మీద కొత్తగా రాశాను. సీసం మాట పోయింది. క్రోమియం మోరి నుంచి మడి నడుమ వరకు ఉన్నట్టు, అక్కడి నుంచి అరుగు వైపు తగ్గినట్టు కనబడింది. కానీ మిషన్ మాట ఆఖరు మాట కాదు. మట్టి హైదరాబాద్ పోవాలి, అక్కడ ఆరబెట్టి, పొడి చేసి చూస్తారు. ఆకు కూడా కావాలంది మేడం. వదినె వెంటనే పాలకూర కోసి, కడిగి, వేర్లు కత్తిరించి, బజారుకు కట్టినట్టే అరటినారతో కట్ట కట్టి తెచ్చింది. కడగనిది కూడా కావాలని మేడం అంటే ముఖం చిన్నబుచ్చుకుంది. మట్టి అంటిన కూరను తన చేత్తో ఎవరికీ ఇయ్యలేదట. చివరికి కడిగిన కట్ట ఒకటి, కడగనిది ఒకటి పోయాయి.

ఆ తర్వాత ఎదురుచూపు. వదినె కూర కోయడం మానేసింది. పాలకూర ముదిరి కంకి వేసింది, కొత్తిమీర పూతకు వచ్చింది. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ గంప దులిపి మళ్లీ బోర్లించేది. బజారులో ఆమె చోట ఇంకెవరో కూర్చుంటున్నారని విని రెండు రోజులు ఆ గంపను కూడా ముట్టలేదు. నేను ఆ మధ్య మా తమ్ముడు పసుపు ఉడకబెడుతుంటే కోరుట్ల పోయాను. అక్కడ ఈ సంగతంతా చెబితే వాడు పసుపు కుప్ప దగ్గర నిలబడే చాలా ప్రశ్నలు వేశాడు. మార్కెట్లో పసుపు సంచికి ఇనుప గొట్టం గుచ్చి లోపలి కొమ్ములు తీసి చూస్తారు గదా, అట్లాంటిదేనా అన్నాడు. అట్లాంటిదే గాని, ఇక్కడ ధర చెప్పరు అన్నాను. వాడి భార్య మా మాటలు వింటూ వింటూ లేచి పోయి, దేవుడి గూట్లో ఉన్న సింధూరం డబ్బా తెచ్చి, దీన్ని కూడా మీ మేడంకు చూపించు అని నా సంచిలో పెట్టింది.

జవాబు వచ్చిన రోజు మేడం స్వయంగా వచ్చింది. కాగితం ఇంగ్లీషులో ఉంది, నాకు అంకెలు చూపించి వదినెకు తెలుగులో చెప్పింది. అరుగు వైపు సగం మట్టిలో భయపడేది లేదు. ఆకులో కూడా లేదు, కానీ ఆ ఆకు కోసింది ఆ సగంలోనిదే. మోరి వైపు సగం మోకాలి లోతు వరకు తీయాలి. వదినె మడిలోకి నడిచి, నడుమ నిలబడి, ఇక్కడి దాకానా అని అడిగింది. మేడం వచ్చి ఆమెను రెండడుగులు అరుగు వైపు జరిపింది. వదినె ఒకడుగు మళ్లీ మోరి వైపు పోయింది. మేడం నవ్వి, ఇది బేరం కాదు పెద్దమ్మా అంది. వదినె ఆ అడుగు తిరిగి ఇచ్చేసింది.

మట్టి తీసే రోజు నీళ్లు చల్లుకుంటూ, దుమ్ము లేవకుండా తవ్వారు. నీలం పొర బయటపడినప్పుడు వాడ ఆడవాళ్లంతా వచ్చి చూశారు. లారీ మీద తాడిపత్రి పట్టా కప్పుతుంటే వదినె, దీన్ని ఎవరి పొలంలో పోస్తరని అడిగింది. నేనూ అదే అడగాలనుకున్నాను. ఎవరి పొలంలోనూ కాదు, ఇట్లాంటి వాటి కోసం మందమైన షీట్లు పరిచి కట్టిన గుంత ఉంటుందని, అందులో పోసి మూసేస్తారని మేడం చెప్పింది. షీటు చిరిగితే అని నేను అడిగాను. అది చూడడానికి కూడా మనుషులుంటారంది. ఆ మనుషుల పని ఎట్లా ఉంటుందో చూడాలని నాకు ఇప్పటికీ ఉంది.

రెండు రోజులకు కొత్త మట్టితో ట్రాక్టరు వచ్చింది. నల్లగా, మెత్తగా, చూస్తే చేయి పెట్టాలనిపించేటట్టు ఉంది. ట్రాక్టరతను వెనక్కి తిప్పి ట్రాలీ లేపబోతుంటే వదినె గుంతకూ ట్రాలీకీ నడుమ వచ్చి నిలబడింది.

"దీన్ని జూసిండ్రా?"

"చెరువు మట్టమ్మా. మస్తు మంచిది. జరుగు."

"మంచిదని నువ్వు జెప్తె ఎట్ల? నా మట్టిని గూడ నేను మంచిదనే జెప్పిన."

అతను నా వైపు చూశాడు, ఈమెకు మీరైనా చెప్పండి అన్నట్టు. నేను పోయి వదినె పక్కన నిలబడ్డాను. షెడ్డు లోపల పని చూస్తున్న మేడంను ఎవరో పిలుచుకొచ్చారు. ఆ మట్టిని తెచ్చే ముందు చెరువు దగ్గర చూశామని ఆమె చెప్పింది. వదినె కదల్లేదు. చూసిన మట్టి ఇదేనని ఎట్లా తెలుసు అంది. మేడం జీపులోంచి నల్లపెట్టె తెమ్మని డ్రైవరుకు చెప్పింది.

ట్రాలీ టైరు మీద కాలు పెట్టి వదినె పైకెక్కింది. పైపైన కాదు, కుప్పలో మోచేతి వరకు చేయి పెట్టి లోపలి మట్టి తీసి ఇచ్చింది. ఒకచోట కాదు, ముందు ఒకచోట, నడుమ ఒకచోట, అడుగున ఒకచోట. ట్రాక్టరతను ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు. మిషన్ గుయ్యిమంది. మేడం ఒక్కో అక్షరం చూపుతుంటే పక్కనున్న అంకెను నేను పైకి చదివాను, తొందరపడకుండా, ఒక్కొక్కటి. వదినె ప్రతి దానికీ తక్కువా ఎక్కువా అని అడిగింది, ప్రతి దానికీ మేడం తక్కువ అంది. ఆఖరుది విన్నాక వదినె ట్రాలీ దిగి, చేయి చీరకు తుడుచుకోబోయి ఆగి, బకెట్లో నీళ్లతో కడుక్కుంది. తర్వాత గుంత అంచుకు పోయి, ఏ మూల నుంచి పోయాలో ట్రాక్టరతనికి చేత్తో చూపించింది.